పలక స్పీకర్లు: ఇంట్లో పాటకు, గదిలో పాఠానికి

ఏటా ఈ సావనీరులో ఒక విజ్ఞాన పాఠం వేయడం మన సొసైటీకి అలవాటు. ఈసారి పాఠానికి విషయం మేము వెతుక్కోలేదు, అదే లారీలో వచ్చి మన ఆఫీసు వరండాలో దిగింది. మర్హూమ్ అయిన ఒక పెద్దాయన, చాలా ఏళ్లుగా పేరు చెప్పకుండా మనకు సాయం చేసినవారు, తన ఇంట్లో పాటలు వినే స్పీకర్ల జతను విడిచి వెళ్లారు. ఆయన ఇంటావిడ మమ్మల్ని పిలిచి, "ఆ గదిలో ఇక నేను కూర్చోలేను బాబూ, వినేవాళ్లకు ఇవ్వండి" అన్నారు. మేము సరేనని తెచ్చుకున్నాం. విప్పి చూస్తే స్పీకర్లలా లేవు. తలుపు రెక్కలంత ఎత్తున రెండు పలకలు, వాటికి తోడుగా మోకాలి ఎత్తు డబ్బాలు రెండు.

అప్పటి నుంచి కమిటీలో రెండు మాటలు నడిచాయి. వీటిని అమ్మి, ఆ డబ్బు నర్సింగు చదువుతున్న ఆడపిల్లల ఫీజులకు కట్టాలని మన ఖజానాదారు గారి మాట. చూపులేని పిల్లలు రికార్డు చేసిన పాఠాలు వినే గదిలో పెట్టాలని ఇంకొందరి మాట. ఇచ్చిన వస్తువు అమానతు కదా, దాన్ని అమ్మాలన్నా ఉంచాలన్నా ముందు అదేమిటో తెలియాలి. తెలుసుకున్నదే ఈ వ్యాసం. మీలో చాలామంది ఇళ్లలో గల్ఫు నుంచో అమెరికా నుంచో పిల్లలు ఇలాంటి సామాను పంపుతున్నారు, లేదా "కొనమంటారా" అని ఫోన్లు చేస్తున్నారు. వారికీ పనికొస్తుంది.

ముందు మామూలు స్పీకరు సంగతి. మన టీవీలో, ఆటోలో, పెళ్లి పందిట్లో ఉండే స్పీకరుకు మూలరూపం 1925లో వచ్చింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు దాని లెక్క తేల్చారు. కాగితపు గరాటు, దాని మొదట్లో సన్నతీగ చుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతం. తీగలో కరెంటు అటూ ఇటూ పారితే చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, గరాటు గాలిని తోస్తుంది. ఇప్పటికీ అంతే. వందేళ్లలో కాగితం బదులు ప్లాస్టిక్ వచ్చింది, అయస్కాంతం చిన్నదైంది, సూత్రం మారలేదు.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. తోపు పడేది గరాటు మొదట్లో, కదలాల్సింది గరాటంతా. చాటను ఒక మూల పట్టుకుని విదిలిస్తే రెండో మూల వెంటనే కదలదు, కాస్త వంగి, ఆలస్యంగా వచ్చి, ఆగమన్నప్పుడు కూడా ఒక ఊపు ఊగి ఆగుతుంది. గరాటూ అంతే. శ్రుతి పెరిగేకొద్దీ అది ఒక్క ముక్కగా కదలడం మానేసి ముక్కలు ముక్కలుగా వణుకుతుంది. పైగా గరాటు వెనక పుట్టే శబ్దాన్ని బంధించడానికి డబ్బా కావాలి. ఆ డబ్బా గోడలు కూడా తమ వంతు గొంతు కలుపుతాయి.

మరి తోపు ఒక్క చోట కాకుండా రేకు మొత్తం మీద సమంగా పడితే? పలక స్పీకర్ల ఆలోచన ఇదే. అందులో మూడు జాతులున్నాయి. మొదటిది రిబ్బను. సన్నని అల్యూమినియం రేకునే రెండు అయస్కాంతాల నడుమ వేలాడదీసి, అందులోనే కరెంటు పారిస్తారు. జర్మనీలో వాల్టర్ షాట్కీ, ఎర్విన్ గెర్లాక్ 1920ల్లోనే చేసి చూపారు. రెండోది ఎలక్ట్రోస్టాటిక్. వేల వోల్టుల విద్యుత్తు పెట్టిన పొరను రెండు చిల్లుల పలకల మధ్య లాగుతూ తోస్తూ ఉండడం. ఇంగ్లండులో పీటర్ వాకర్ 1957లో అమ్మకానికి తెచ్చిన క్వాడ్ స్పీకరు గొంతును నేటికీ మెచ్చుకునేవాళ్లున్నారు. దాన్ని గోడ ప్లగ్గులో కూడా పెట్టాలి, ఆ వోల్టులు ఎక్కడి నుంచో రావాలి కదా.

మూడోది మన వరండాలో దిగినది, ప్లానార్ మాగ్నెటిక్. దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

ఒక పలుచని పాలియెస్టర్ పొర తీసుకోండి. మిల్లీమీటరులో 40వ వంతు మందం, చాలాసార్లు అంతకన్నా తక్కువే. దాన్ని చట్రానికి డప్పుకు తోలు బిగించినట్టు బిగిస్తారు. పొర మీద అల్యూమినియం తీగను పైకీ కిందికీ, పైకీ కిందికీ, మంచానికి నవారు అల్లినట్టు వరసలుగా జిగురుతో అంటిస్తారు. పొరకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో పొడుగాటి అయస్కాంతపు కడ్డీలు వరసగా ఉంటాయి. పక్కపక్క కడ్డీల ధ్రువాలు తారుమారుగా పెడతారు, ఒకటి ఉత్తరమైతే తరవాతిది దక్షిణం. తీగలో కరెంటు పారినప్పుడు ప్రతి వరస మీదా తోపు పడుతుంది. తీగ పొరంతా పరచుకుని ఉంది కాబట్టి తోపు కూడా పొరంతా పడుతుంది. చాటను ఒక మూల పట్టుకోవడం కాదు, అడుగు నిండా అరచేతులు పెట్టి కదిపినట్టు. పొర బరువు చాలా తక్కువ, దాని ముందూ వెనకా ఉన్న గాలి బరువుతో పోల్చదగినంత తక్కువ. అందుకే కరెంటు ఆగితే అదీ దాదాపు ఆగిపోతుంది. తబలా మీద వేలు పడిన చప్పుడు, "త" కూ "ద" కూ తేడా చెప్పే ఆ చిన్న పేలుడు, ఈ పొర మీద విడివిడిగా వినిపించడానికి కారణం ఇదే.

ఈ పద్ధతిని ఇళ్లలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు జిమ్ వైనీ. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 3ఎం కంపెనీ ఇంజనీరు. 1969లో మాగ్నెపాన్ అనే కంపెనీ పెట్టి వైట్ బేర్ లేక్ అనే ఊళ్లో ఈ పలకలు తయారు చేయించారు. తొలి రోజుల్లో వచ్చిన టింపనీ అనే రకం ఒక్కో పక్కకు మూడేసి పలకలు, మడత పరదాలాగా నిలబడేది. ఆ ఆకారం వట్టి అందం కోసం వచ్చిందనుకుంటే పొరపాటు. అంత పలక ఎందుకు కావలసి వచ్చిందో తెలిస్తే, హైబ్రిడ్ ఎందుకు పుట్టిందో తెలిసినట్టే.

పలక స్పీకరుకు వెనక డబ్బా లేదు. పొర ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ముందూ వెనకా శబ్దం సమానం, కానీ ఒకటి కూడిక, ఒకటి తీసివేత. హెచ్చు శ్రుతుల్లో ఇబ్బంది లేదు. 10,000 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లు, అది పలక అంచు తిరిగి వెనక్కు వెళ్లేలోగా ముందుకు సాగిపోతుంది. 40 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. దానికి అర మీటరు వెడల్పు పలక అడ్డే కాదు. ముందు గాలి పక్కనుంచి జారి వెనక ఖాళీని నింపేస్తుంది. కూడికా తీసివేతా కలిసి సున్నా అవుతుంది. పొర ఊగుతూనే ఉంటుంది, మనకు మాత్రం ఏమీ వినపడదు. డోలక్ ఎడమ వైపు దెబ్బ, హార్మోనియం కింది స్వరం, అన్నీ మాయం.

దీనికి ఒక విరుగుడు పలకను పెద్దది చేయడం. అందుకే ఆ మడత పరదాలు, ఆరడుగుల ఎత్తులు. రెండో విరుగుడు పొరను ఎక్కువ దూరం ఊపడం. అదీ కుదరదు. ఒకే బిగ్గదనానికి శ్రుతి సగానికి దిగితే ఊపు నాలుగు రెట్లు కావాలి. 160 హెర్ట్జ్ నుంచి 40కి దిగితే 16 రెట్లు. డబ్బా లేని పలకకు ఆ జారుడు నష్టం కూడా కలుపుకుంటే ఇంకా ఎక్కువ. అయస్కాంతాలేమో ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఇంకా ఊగితే పొర వెళ్లి కడ్డీకి కొట్టుకుంటుంది, టప్ మని వినిపిస్తుంది కూడా. కడ్డీలను దూరం జరిపితే అయస్కాంత బలం తగ్గి, శబ్దమే సన్నబడుతుంది. అటు నుయ్యి, ఇటు గొయ్యి.

కాబట్టి కొందరు చెప్పిందేమిటంటే, పొరకు చేతకాని పని పొరతో ఎందుకు చేయించడం? మందర శ్రుతిని పాత గరాటు స్పీకరుకే, ఊఫరుకే వదిలేద్దాం, డబ్బాలో పెట్టి. మధ్యమం నుంచి పైదంతా పొర చూసుకుంటుంది. ఇదే హైబ్రిడ్. 1980లో ఆర్నీ నూడెల్ నడిపిన ఇన్ఫినిటీ కంపెనీ తీసిన ఐఆర్ఎస్ ఈ ఆలోచనకు రాజు లాంటిది. నాలుగు స్తంభాలు, ఒక్కోటి ఏడున్నర అడుగుల ఎత్తు. రెంటి నిండా చిన్న చిన్న ప్లానార్ పొరలు, మిగతా రెంటిలో 12 అంగుళాల ఊఫర్లు ఆరేసి. మన ఇళ్లలో అవి పెడితే మనం వరండాలో పడుకోవాలి. సామాన్యుడి కొలతలో చేసినవారిలో ఫ్లోరిడా రాష్ట్రం తలహసీలో ఎమినెంట్ టెక్నాలజీ నడిపే బ్రూస్ తిగ్‌పెన్‌ని చెప్పాలి. ఆయన ఎల్ఎఫ్‌టీ-8 అనే స్పీకరులో పొరకు ఒక వైపే కాదు, ముందూ వెనకా రెండు వైపులా అయస్కాంతాలు పెట్టారు. కింద 8 అంగుళాల ఊఫరు, 180 హెర్ట్జ్ దగ్గర పని పంపకం.

రెండు వైపులా అయస్కాంతాలు ఎందుకో ఒక్క మాట. ఒక వైపే ఉంటే పొర కడ్డీ దగ్గరికి వెళ్లినప్పుడు తోపు ఎక్కువ, దూరం జరిగినప్పుడు తక్కువ. అంటే శబ్దం ఒక వైపు సాగినట్టు, ఒక వైపు కుంగినట్టు అవుతుంది. రెండు వైపులా ఉంటే ఒకటి తగ్గినంత రెండోది పెరుగుతుంది. ఖర్చు మాత్రం రెట్టింపు, పైగా ముందున్న కడ్డీల సందుల్లోంచే శబ్దం బయటికి రావాలి.

హైబ్రిడ్ అనగానే అందరి గొడవా తీరిందనుకోకండి. అసలు గొడవ అతుకు దగ్గరే ఉంది. హైబ్రిడ్ల గురించి పాతకాలం నుంచీ ఒక మాట ఉంది: పొర చురుకు, ఊఫరు మందం, అందుకే రెండూ కలవవని. మేము దీన్ని ఒప్పుకోలేకపోతున్నాం. 100 హెర్ట్జ్ స్వరం ఎవరు వాయించినా సెకనుకు వంద ఊపులే, ఊఫరు దానికి సరిపడా చురుకుగానే ఉంటుంది. కలవకపోవడానికి కారణాలు వేరు. ఊఫరు మందర శ్రుతిని నాలుగు వైపులా చల్లుతుంది, దీపం వెలుగులాగా. పలక ముందుకూ వెనక్కూ మాత్రమే చల్లుతుంది. ఇంకోటి, ఎత్తైన పలక నుంచి దూరం వెళ్లేకొద్దీ శబ్దం నిదానంగా తగ్గుతుంది, దూరం రెట్టింపైతే 3 డెసిబెల్స్. చిన్న డబ్బా నుంచి అయితే 6. అంటే ముందు కుర్చీలో కూర్చుని రెండింటినీ సమం చేసి లేస్తే, వెనక కుర్చీలో పలక గెలుస్తుంది, ఊఫరు ఓడుతుంది. ఇక నాలుగు గోడల గది తనకు నచ్చిన మందర శ్రుతులను పట్టుకుని గుమ్మని మోగిస్తుంది. ఆ గుమ్ము విని మనం ఊఫరు మందమని నిందిస్తాం.

ఈ అతుకు పని చేసే పెట్టెను క్రాసోవర్ అంటారు. ఏ శ్రుతి ఎటు పోవాలో తేల్చే వాల్వు అనుకోండి. సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీ 1970ల్లో ఇచ్చిన పద్ధతి నేటికీ చాలా స్పీకర్లలో వాడుతున్నారు. లింక్విట్జ్ తరవాత్తరవాత ఊఫరును కూడా డబ్బాలోంచి తీసి, పలకలాగే ముందూ వెనకా పలికేటట్టు చేశారు. అది హైబ్రిడ్ జబ్బుకు నిజమైన మందు అని మా అభిప్రాయం. ఊఫర్లు మాత్రం ఎక్కువ కావాలి.

ఇప్పుడు మన వరండాకు వద్దాం. తొలి రోజు మేము చేసిన తప్పులు చెబితే మీరైనా చేయకుండా ఉంటారు. రెండు పలకలనూ అలమారా పెట్టినట్టు గోడకు ఆనించాం. ఆఫీసులో ఉన్న పాత యాంప్లిఫయరుకు తీగలు తగిలించాం. ఒక పాఠం పెట్టాం. గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు, నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టుంది. కాస్త పెంచేసరికి యాంప్లిఫయరు వేడెక్కి ఆరిపోయింది. ఖజానాదారు గారు మా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఒక్కొక్కటే సరిదిద్దాం. మొదట, ఒక పలకకు ఎరుపు, నలుపు తీగలు తారుమారు అయ్యాయి. ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతోంది. మార్చగానే గొంతు రెండు పలకల నడిమికి వచ్చి నిలబడింది. రెండోది, గోడ. పలక వెనక నుంచి వచ్చే శబ్దం గోడకు తగిలి తిరిగి వస్తుంది. పలక గోడకు మీటరు దూరంలో ఉంటే ఆ శబ్దం రెండు మీటర్లు ఎక్కువ నడవాలి, సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. ఆ మాత్రం ఎడం ఉంటే చెవి దాన్ని గది విశాలంగా లెక్క వేసుకుంటుంది. ఎడం లేకపోతే మాటలో కలిపేసి ముద్ద చేస్తుంది. మూడున్నర అడుగులు ముందుకు జరిపాం, గది సగం పోయింది, మాట తేటపడింది. పది పన్నెండు అడుగుల గది ఉన్నవాళ్లు ఈ స్పీకర్ల జోలికి పోవద్దని అప్పుడే రాసిపెట్టుకున్నాం.

మూడోది యాంప్లిఫయరు. ఇక్కడ కొనేవాళ్లు జాగ్రత్తగా వినాలి. పలక స్పీకర్లు కరెంటు తిండిపోతులు. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత బిగ్గరగా పలుకుతుందన్నది స్పీకరు కొలత. పెళ్లిళ్లలో కట్టే మైకు సెట్టు హారను 105 డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది. ఇంట్లో మంచి డబ్బా స్పీకరు 89 అనుకోండి. ఈ పలకలు 83 దగ్గర. 6 డెసిబెల్స్ తేడా అంటే నాలుగు రెట్ల వాట్లు. 103 డెసిబెల్స్ దెబ్బ ఒకటి పడాలంటే హారనుకు వాటు కన్నా తక్కువ చాలు, పలకకు 100 వాట్లు కావాలి. కంపెనీల కాగితాల్లో ఒక చిన్న కిటుకు కూడా ఉంటుంది. ఒక వాటు అని రాయకుండా 2.83 వోల్టులకు ఇంత అని రాస్తారు. 8 ఓముల స్పీకరుకు అది ఒక వాటే. 4 ఓముల పలకకు రెండు వాట్లు. కాగితం మీద 86 అని ఉంటే వాటు లెక్కన 83 అని చదువుకోవాలి. 4 ఓములంటే యాంప్లిఫయరు నుంచి రెట్టింపు కరెంటు లాగుతుందని కూడా అర్థం. మా పాతది ఆరిపోయింది అందుకే, దాని తప్పేమీ లేదు. ఒక మేలు ఏమిటంటే, ఈ పలకల నిరోధం దాదాపు అన్ని శ్రుతుల్లోనూ ఒకేలా ఉంటుంది. కాబట్టి 4 ఓములకు తట్టుకునే బలమైన యాంప్లిఫయరు ఏదైనా సరిపోతుంది, పేరున్నదే కానక్కర్లేదు.

ఇవన్నీ అయ్యాక పిల్లల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టాం. వాళ్లలో ఒకడు, ఎనిమిదో తరగతి, ఎప్పుడూ గది చుట్టూ చేత్తో తడుముకుంటూ తిరిగి చూశాకే కూర్చుంటాడు. పలక పక్కకు వచ్చి ఆగాడు. "చాచా, ఇక్కడ గొంతు సన్నబడిపోతోంది" అన్నాడు. ఇంకో నాలుగు అడుగులు వేసి వెనక్కు వెళ్లాడు. "ఇక్కడ మళ్లీ వచ్చింది. మధ్యలో ఎవరో గోడ కట్టినట్టుంది" అన్నాడు. ఇంజనీర్లు డైపోల్ అని పేరు పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో బొమ్మ గీసి చెప్పేది ఆ పిల్లవాడు నడిచి చెప్పాడు. ముందు శబ్దం, వెనక శబ్దం పలక అంచు పక్కన కలుసుకుని ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. అందుకే పక్క గోడలకు, పైకప్పుకు శబ్దం తక్కువగా తగులుతుంది, మన సిమెంటు గదుల్లో గింగురుమనే ప్రతిధ్వని తగ్గుతుంది. మాట తేటగా ఉండడానికి పొర పలచదనం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

ఆ పిల్లవాడే ఇంకో మాట అన్నాడు. ఎడమ పలకలో ఒక స్త్రీ గొంతు వచ్చినప్పుడల్లా ఈగ ముసిరినట్టు వినిపిస్తోందని. మాకెవ్వరికీ వినపడలేదు. చెవి ఆనించి వింటే నిజమే. పలక గుడ్డ విప్పి చూశాం. జిగురు ఎండిపోయి, పొర మీద తీగ నాలుగైదు చోట్ల లేచిపోయింది. ఈ జాతి స్పీకర్లన్నింటికీ ముసలితనంలో వచ్చే జబ్బే ఇది. ఎండ, ఉక్క, సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో తొందరగా వస్తుంది. తీగ తెగలేదని మీటరు పెట్టి చూసుకున్నాం. తరవాత మోటార్లకు వైండింగ్ చేసే షాపు నుంచి ఒక భాయిని పిలిచాం. సన్నతీగ అంటే ఆయనకు రోజూ పని. పాత జిగురు పొడిని దూదితో తీసి, కుంచెతో కొత్త జిగురు పూసి, తీగను వేలితో కాకుండా దూది పుల్లతో నొక్కి రెండు రోజులు కదపకుండా వదిలేశాడు. ఒకే జాగ్రత్త చెప్పాం: ఇనుప స్క్రూడ్రైవరు దగ్గరికి రానివ్వొద్దని. అయస్కాంతం లాక్కుంటే పొర చిరిగిపోతుంది. ఆయన డబ్బు పుచ్చుకోలేదు, మేము బలవంతం చేస్తే టీ తాగాడు.

ఇక అసలు ప్రశ్న. ఉంచాలా, అమ్మాలా? ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. ఒకే పాఠాన్ని పాత డబ్బా స్పీకర్ల మీద ఒక రోజు, ఈ పలకల మీద ఒక రోజు డిక్టేషన్ చెప్పించి, పిల్లలు బ్రెయిలీలో రాసింది టీచరమ్మ చూశారు. ముందు బెంచీలకు ఏ తేడా లేదు. వెనక బెంచీల వాళ్లకు పలకలతో తప్పులు తగ్గాయి. గోడ పక్కన కూర్చున్న ఇద్దరికి మాత్రం పెరిగాయి, గొంతు సన్నబడే చోట కూర్చున్నారు కాబట్టి. బెంచీలను పలకలకు ఎదురుగా, ఇరుకుగా, పొడవుగా సర్దాక ఆ తప్పులూ పోయాయి. ఇంకో వింత, ఊఫర్లను ఆపేస్తే మాట ఇంకా తేటపడింది. హల్లులను విడదీసి చెప్పే శబ్దం 2,000 హెర్ట్జ్, ఆ పైన ఉంటుంది. మందర శ్రుతి గదిలో గుమ్మని మోగి దాన్ని కప్పేస్తుంది. అంటే పాఠానికి హైబ్రిడ్ అక్కర్లేదు, పలక చాలు. శుక్రవారం సాయంత్రం పిల్లలు పాటలు పెట్టుకున్నప్పుడు మాత్రం ఊఫర్లు ఆన్ చేయమని వాళ్లే అడుగుతారు.

ఖజానాదారు గారు ఇది విని వెంటనే, "మరి ఊఫర్లైనా అమ్మేద్దాం" అన్నారు. పలకలు లేని ఊఫర్లను ఎవరూ కొనరని, ఊఫర్లు లేని పలకలకు సగం ధర కూడా రాదని విచారించాక తేలింది. మేము ఉంచుదామన్నాం. ఆయన ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఒక్క వస్తువు గొంతు బాగుందని ఒక పిల్ల ఏడాది ఫీజు పక్కన పెట్టవచ్చా అని అడిగారు. మా దగ్గర దానికి లెక్క తప్పని జవాబు లేదు. వినికిడే పుస్తకమైన పిల్లలకు ఇది పుస్తకం ఖర్చు అని మాత్రం చెప్పాం. మినిట్సులో రెండు మాటలూ రాయించాం.

కొనాలనుకునే కుటుంబాలకు మా సలహా సూటిగా చెబుతాం. పెద్ద హాలు, నాలుగు అడుగులు ముందుకు జరపడానికి చోటు, వినేవాళ్లు ఒకరిద్దరు ఉంటే ఈ స్పీకర్లు డబ్బుకు తగ్గ సుఖమిస్తాయి. ఇంటిల్లిపాది తలో మూల కూర్చుని టీవీ చూసే ఇంటికి మంచి డబ్బా స్పీకర్లే మేలు. పాతవి కొంటే గుడ్డ విప్పించి తీగ చూడండి, ఆడగొంతు, పియానో పెట్టి ఈగ చప్పుడు వస్తోందేమో వినండి. చదువుకునే పిల్లలకైతే ఇదే పొర సూత్రంతో హెడ్‌ఫోన్లు దొరుకుతున్నాయి. యమహా 1976లోనే హెచ్‌పీ-1 అని ఒకటి తెచ్చింది. చెవికి పొర ఆనుకునే ఉంటుంది కాబట్టి అక్కడ మందర శ్రుతి గొడవ అంతగా రాదు, గది గొడవ అసలే లేదు.

ప్రస్తుతం పలకలు వినికిడి గదిలో ఉన్నాయి. పడమటి కిటికీ నుంచి ఎండ నేరుగా పడుతోందని మందపాటి తెర కుట్టించాం. ఊడ్చేటప్పుడు దుమ్ము లేవకుండా తడిగుడ్డతోనే తుడవాలని, గుండుసూదులు ఆ గదిలోకి తేకూడదని తలుపు మీద రాశాం, పిల్లల కోసం బ్రెయిలీలో కూడా. పెద్దాయన ఇంటావిడ ఒకసారి వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం మొత్తం విన్నారు. వానాకాలం వెళ్లాక వైండింగ్ భాయి వచ్చి కుడి పలక కూడా విప్పి చూస్తానన్నాడు.